అమ్మ ఫోనే పిల్లల ఫోన్ కూడా అయితే తాళం ఎక్కడ వేయాలి?

తెనాలి_టీచరమ్మ
వచ్చే శనివారం 6, 7 తరగతుల పేరెంట్స్ మీటింగ్. పిల్లలు, ఇంటర్నెట్ గురించి అరగంట చెప్పమన్నారు. నెట్‌లో దొరికే సలహాలన్నీ పిల్లాడికి విడిగా ఒక ఫోనో ట్యాబో ఉందనుకుని రాసినవే. ఇక్కడి ఇళ్లల్లో ఉండేది ఒకటే ఆండ్రాయిడ్ ఫోన్, అది అమ్మది. హోంవర్క్ పీడీఎఫ్ వచ్చేది అందులోకే, యూట్యూబ్ చూసేది అందులోనే, ఫోన్‌పే ఉండేదీ అందులోనే. సాయంత్రం 6 నుంచి 9 దాకా ఫోన్ పిల్లాడి చేతిలో, అమ్మ వంటింట్లో. ఇలాంటి ఇంట్లో ముందు ఏ సెట్టింగ్ మార్చాలి? కంప్యూటర్ ముట్టని తల్లి కూడా 20 నిమిషాల్లో చేసుకోగలిగేవే కావాలి. "పిల్లలతో మాట్లాడండి" అని ఊరికే చెప్తే ఎవరికీ ఏమీ అందదు. ఏం మాట్లాడాలో కూడా చెప్పండి.

బాషా_మొబైల్స్
మొదటిది స్క్రీన్ లాక్. చిన్న విషయమే అనిపిస్తుంది కానీ అన్నీ దాని మీదే నిలబడతాయి. ప్యాటర్న్ లాక్ పిల్లల ముందు నిలవదు, ఫోన్ వెలుతురుకి కాస్త వంచితే గ్లాసు మీద వేలి జిడ్డు గీత కనపడిపోతుంది. అది తీసేసి 6 అంకెల పిన్ పెట్టాలి. పుట్టినరోజు, బండి నంబరు వద్దు.

తర్వాత సెట్టింగ్స్‌లో ఫింగర్‌ప్రింట్ లిస్టు తెరిచి, ఎన్ని వేళ్లు నమోదయ్యాయో లెక్కపెట్టాలి. అమ్మ రెండు వేళ్లు పెట్టుకున్న చోట మూడు కనపడితే మూడోది తీసేయాలి. ఆ వేలితో తెరుచుకునేది ఫోన్ ఒక్కటే కాదు, ఫోన్‌పే లాక్ కూడా.

రెండోది యాప్ పిన్నింగ్. కొన్ని ఫోన్లలో స్క్రీన్ పిన్నింగ్ అంటారు. సెట్టింగ్స్ పైన వెతికే గడిలో "పిన్" అని కొడితే దొరుకుతుంది. ఆన్ చేశాక దాని కిందే "అన్‌పిన్ చేసే ముందు పిన్ అడగాలి" అనే ఇంకో మీట ఉంటుంది. అదీ ఆన్ చేయాలి, మర్చిపోతే చేసిందంతా దండగ. ఇక ఫోన్ ఇచ్చే ముందు కావలసిన యాప్ తెరిచి, రీసెంట్స్‌లోకి (ఇప్పటిదాకా తెరిచిన యాప్‌ల వరస) వెళ్లి, ఆ యాప్ బొమ్మ మీద నొక్కి "పిన్" అనాలి. పిల్లాడు ఆ ఒక్క యాప్‌లోనే ఉంటాడు. బయటికి రావాలంటే కింద నుంచి పైకి జరిపి పట్టుకోవాలి, బటన్లున్న ఫోనైతే బ్యాక్, రీసెంట్స్ రెండూ కలిపి నొక్కి పట్టాలి. అప్పుడు పిన్ అడుగుతుంది.

నాగోలు_నాన్న
శాంసంగ్ అయితే పైనుంచి కిందికి లాగే ప్యానెల్‌లో శాంసంగ్ కిడ్స్ ఉంటది. అమ్మ ఎంచిన యాప్‌లే లోపల కనిపిస్తయి, రోజుకి ఇంత టైం అని కూడా పెట్టొచ్చు. షావోమీ ఫోన్లల్ల చాలా వాటిల సెకండ్ స్పేస్ ఉంటది, అదే ఫోన్లో రెండో ఇల్లు లెక్క. పిల్లలకి వేరే పిన్, అమ్మకి వేరే పిన్.

శ్రీకాకుళం_సుధ
బాషా గారు చెప్పిన పిన్నింగ్‌లో ఒక కన్నం ఉంది. హోంవర్క్ కోసం వాట్సాప్‌నే పిన్ చేసి ఇస్తే అమ్మ చాట్లన్నీ పిల్లాడి ముందు పరిచినట్టే. పీడీఎఫ్ డౌన్‌లోడ్ చేసి, ఫైల్స్‌లోంచి తెరిచి, ఆ పీడీఎఫ్ చూపించే యాప్‌ని పిన్ చేయాలి. వాట్సాప్‌ని కాదు.

బాషా_మొబైల్స్
@శ్రీకాకుళం_సుధ నిజమే, అది రాయడం మర్చిపోయాను.

రెండురెళ్ళు_ఆరు
ఫ్యామిలీ లింక్ గురించి ఎవరూ ఎత్తలేదేం? గూగుల్‌దే, ఉచితం. అన్నీ అందులోనే అయిపోతాయి కదా.

రౌటర్_రాజు
అమ్మ ఫోన్‌కి అది కుదరదు. ఫ్యామిలీ లింక్ పిల్లల ఖాతా ఉన్న ఫోన్‌ని కాపలా కాస్తుంది. పిల్లల ఖాతా ఎక్కించే ఫోన్లో పెద్దవాళ్ల జీమెయిల్ ఖాతాలు ఉండనివ్వదు, తీసేయమంటుంది. అమ్మ ఖాతా తీసేస్తే అందులోని కాంటాక్ట్స్ ఆ ఫోన్లో కనపడవు, ఫోటోల బ్యాకప్ ఆగిపోతుంది. అందుకే ఒకే ఫోన్ ఉన్న ఇంట్లో దాని ఊసు ఎత్తకండి.

పాత ఫోన్ ఒకటి బీరువాలో పడుంటే మాత్రం లెక్క మారుతుంది. దాన్ని ఫ్యాక్టరీ రీసెట్ కొట్టి, పిల్లాడి పేరుతో అసలు పుట్టిన తేదీ ఇచ్చి ఖాతా తెరిచి, సిమ్ వేయకుండా వైఫై మీదే నడపండి. అమ్మ ఫోన్లో ఫ్యామిలీ లింక్ యాప్ వేసుకుంటే పిల్లాడు ఏ యాప్ దించాలన్నా అమ్మకి అడుగుతుంది, రాత్రి 9కి దానంతట అదే లాకవుతుంది, ఒక్కో యాప్‌కి ఇన్ని నిమిషాలని పెట్టొచ్చు. కొత్త ట్యాబ్ కొనడం కంటే ఇదే మేలు.

నాగోలు_నాన్న
పైసల సంగతి కూడా చెప్పాలె. గేముల డైమండ్లు, యూసీలు (ఆటల వాడే నాణేల లెక్క) కొనుడు అమ్మ ఖాతా నుంచే అయితది.

ప్లే స్టోర్ తెరిచి, పైన ప్రొఫైల్ బొమ్మ, సెట్టింగ్స్, అండ్ల పర్చేజ్ వెరిఫికేషన్. అక్కడ "ప్రతి కొనుగోలుకి" అన్నదే పెట్టుండ్రి. "30 నిమిషాలకోసారి" పెడితే అమ్మ ఒక్కసారి పాస్‌వర్డ్ కొట్టినంక ఆ అరగంటల పిల్లలు ఎన్నిసార్లు కొన్నా అడగదు. మస్తు ఇండ్లల్ల పైసలు పోయేది ఆ అరగంటలనే. గట్లనే పేమెంట్ మెథడ్స్‌ల కార్డు గాని యూపీఐ గాని అతికి ఉందా చూసి తీసెయ్యాలె.

పొరపాటున కొన్నది కనపడితే 48 గంటల లోపల ప్లే స్టోర్లనే రీఫండ్ అడుగుండ్రి. గడువు దాటితే గేమ్ చేసినోళ్లని అడుక్కోవాల్సిందే.

కడప_కిరణ్
నాగోలు నాన్న చెప్పిందానికి ఇంకోటి చేర్చాల. యూపీఐ లైట్. ఇది చానా మందికి తెలీదు. యూపీఐ లైట్ ఆన్ చేసుంటే 1000 రూపాయల లోపు చెల్లింపుకి పిన్ అడగదు, అందులో 5000 దాకా డబ్బులు పెట్టుకోవచ్చు. కూరగాయల బండి దగ్గర అమ్మకి సులువు, అదే ఫోన్ పిల్లోడి చేతిలో ఉంటే పిన్ లేని పర్సు. పిల్లలు ముట్టే ఫోన్లో యూపీఐ లైట్ మూసేస్తే ఆ డబ్బు తిరిగి బ్యాంకు ఖాతాలోకే వస్తాది. ఫోన్‌పే, గూగుల్ పేలో ఆటోపే అని ఉంటాది, అందులో మీకు తెలీని మాండేట్లు (డబ్బు దానంతట అదే లాక్కోమని ఇచ్చిన అనుమతులు) ఉంటే రద్దు చేయండి. మూడు రోజుల ఉచితం అని నొక్కిన యాప్‌లు నెలనెలా లాగేది అక్కడి నుంచే.

తెనాలి_టీచరమ్మ
యూపీఐ లైట్ సంగతి నాకూ తెలియదు. ఇది కచ్చితంగా బోర్డు మీద రాస్తాను. యూట్యూబ్ సంగతేంటి? తల్లులు ఎక్కువగా అడిగేది దాని గురించే.

శ్రీకాకుళం_సుధ
8 ఏళ్ల లోపు పిల్లలుంటే యూట్యూబ్ కిడ్స్ యాప్ వేసి, "అనుమతించినవి మాత్రమే" అన్న పద్ధతి పెట్టండి. అమ్మ ఎంచిన ఛానెళ్లు తప్ప ఇంకేమీ రావు, వెతకడం కూడా ఉండదు. సెట్టింగ్స్‌లోకి వెళ్లకుండా అడ్డంగా ఒక గుణకారం లెక్క అడుగుతుంది. మూడో తరగతికి ఎక్కాలు వచ్చేస్తాయి కదా, ఆ గోడ అప్పుడే కూలిపోతుంది. దాని బదులు సొంత పాస్‌కోడ్ పెట్టుకునే వీలుంది, అది పెట్టండి.

6, 7 తరగతుల వాళ్లు కిడ్స్ యాప్ చిన్నపిల్లలదని ముట్టరు. మామూలు యూట్యూబ్‌లో ప్రొఫైల్, సెట్టింగ్స్, జనరల్, అందులో రిస్ట్రిక్టెడ్ మోడ్ ఆన్ చేయాలి. ఆటోప్లే ఆపేయాలి. ఇంకో మాట, అమ్మ ఖాతాలోనే పిల్లాడు చూస్తుంటే అమ్మ చూసిన క్రైమ్ వార్తలు, సీరియల్ ముక్కలు పిల్లాడి ముందుకీ వస్తాయి. హిస్టరీ ఒకసారి మొత్తం తుడిచేస్తే నాలుగైదు రోజుల్లో హోం పేజీ తేడా తెలుస్తుంది.

విజయనగరం_విక్రమ్
రిస్ట్రిక్టెడ్ మోడ్ వేస్ట్. తెలుగు షార్ట్స్‌లో డబుల్ మీనింగ్ బూతులన్నీ దర్జాగా దాటి వచ్చేస్తాయి.

శ్రీకాకుళం_సుధ
@విజయనగరం_విక్రమ్ దాటి వస్తాయి, ఒప్పుకుంటాను. తెలుగు యాసలో, పాట ముక్కలో దాచిన బూతుని మెషీన్ పట్టుకోలేదు. కానీ ఆ మోడ్‌తో కామెంట్లు కనపడవు. పిల్లల్ని టెలిగ్రామ్‌కి లాగే లింకులు ఎక్కువగా ఉండేది ఆ కామెంట్లలోనే. ఆ ఒక్కదాని కోసమైనా ఆన్ చేయొచ్చు. అలాంటి షార్ట్ కనపడితే మూడు చుక్కలు నొక్కి "ఛానెల్‌ని చూపించొద్దు" అనడం పిల్లాడికే నేర్పండి.

రౌటర్_రాజు
బూతు సైట్ల వరకు ఆపాలంటే డీఎన్ఎస్ (సైటు పేరు చూసి దాని అడ్రసు చెప్పే ఫోన్‌బుక్ లాంటిది) దగ్గర ఆపాలి. ఆండ్రాయిడ్ 9, ఆ పై ఫోన్లలో ప్రైవేట్ డీఎన్ఎస్ ఉంటుంది. సెట్టింగ్స్‌లో "డీఎన్ఎస్" అని వెతికి, "హోస్ట్‌నేమ్" అన్నది ఎంచుకుని ఇంగ్లిష్ అక్షరాల్లో ఇలా కొట్టాలి: ఫ్యామిలీ, డాట్, యాడ్‌గార్డ్, హైఫన్, డీఎన్ఎస్, డాట్, కామ్. మధ్యలో ఖాళీ ఉండకూడదు. ఇది పెద్దల సైట్లని ఆపుతుంది, గూగుల్‌లో సేఫ్ సెర్చ్‌ని బలవంతంగా ఆన్ చేస్తుంది, చాలా యాడ్స్‌ని కూడా ఆపుతుంది. వైఫైలో ఉన్నా మొబైల్ డేటాలో ఉన్నా పనిచేస్తుంది.

తేడా వచ్చే చోట్లు చెప్తాను. ఒక అక్షరం తప్పు పడితే నెట్ మొత్తం ఆగిపోతుంది. తల్లి కంగారు పడి రీచార్జ్ అయిపోయిందనుకుంటుంది. అప్పుడు మళ్లీ అక్కడికే వెళ్లి "ఆటోమేటిక్" పెడితే నెట్ వచ్చేస్తుంది. పిల్లాడు ఉచిత వీపీఎన్ యాప్ (నెట్‌ని వేరే దారిలో తిప్పేది) వేశాడా, ఇది చచ్చుబడిపోతుంది. స్క్రీన్ పైన తాళంచెవి బొమ్మ కనపడితే వీపీఎన్ నడుస్తోందని గుర్తు. ఇన్‌స్టా, టెలిగ్రామ్ లాంటి యాప్‌ల లోపలికి వచ్చే బొమ్మల్ని ఇది ఆపలేదు, అవి ఆ యాప్ సర్వర్ నుంచే వస్తాయి కాబట్టి.

ఇంట్లో వైఫై ఉంటే రౌటర్‌లో కూడా పెట్టొచ్చు. బ్రౌజర్‌లో 192.168.1.1 కొట్టాలి, జియో ఫైబర్ అయితే 192.168.29.1. డీఎన్ఎస్ గడుల్లో 1.1.1.3, రెండోదానిలో 1.0.0.3. ఇది క్లౌడ్‌ఫ్లేర్ వాళ్ల కుటుంబాల సేవ. కొన్ని కంపెనీల రౌటర్లు ఆ గడుల్ని మార్చనివ్వవు. అప్పుడు ఫోన్లో పెట్టుకోవడమే దారి. రౌటర్ లాగిన్ పాస్‌వర్డ్ "అడ్మిన్" అనే ఉంటే అది మార్చాకే మిగతా పని.

విజయనగరం_విక్రమ్
ఇది పనికొచ్చేది. చేసి చూశాను, రెండు నిమిషాలు పట్టింది.

ఓరుగల్లు_అమ్మ
ఇవన్ని సరే గని, పిల్ల ఎవరితోని మాట్లాడుతున్నదో ఎట్ల తెల్వాలె? కనపడకుంట చాట్లు చూసే యాప్‌లు ఉంటయట కదా. అసొంటిది ఒకటి ఏస్తే అయిపాయె. తల్లికి ఆ హక్కు లేదా?

బాషా_మొబైల్స్
వద్దమ్మా. హక్కు సంగతి పక్కన పెట్టండి, అది దొంగని ఇంట్లోకి పిలిచినట్టు అవుతుంది. దాక్కుని పనిచేసే యాప్‌లు ప్లే స్టోర్లో దొరకవు, ఏపీకే ఫైల్ (ప్లే స్టోర్ బయట దొరికే యాప్ ఫైల్) దించాలి. వేసేటప్పుడు ప్లే ప్రొటెక్ట్ (చెడ్డ యాప్‌లని పట్టే గూగుల్ కాపలా) ఆపేయమంటాయి, యాక్సెసిబిలిటీ అనుమతి అడుగుతాయి. ఆ అనుమతి ఇచ్చారంటే తెర మీద వచ్చే ప్రతి అక్షరం అది చదువుతుంది. పిల్ల చాటే కాదు, మీ బ్యాంకు ఓటీపీ కూడా. ఆ సమాచారం ఏ సర్వర్‌లోకి పోతుందో ఎవరికి తెలుసు?

పెళ్లి కార్డు అని, ట్రాఫిక్ చలాన్ అని వాట్సాప్‌లో వచ్చే ఏపీకేలతో ఖాతాలు ఖాళీ చేసేదీ ఇదే పద్ధతిలో. సెట్టింగ్స్‌లో "ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్" అని వెతికి వాట్సాప్, క్రోమ్, టెలిగ్రామ్, ఫైల్స్ అన్నిటికీ ఆఫ్ చేయండి. పిల్లాడు ఫ్రీ డైమండ్ల మాడ్ అని ఏదో నొక్కినా అక్కడే ఆగుతుంది.

కౌన్సెలర్_పద్మ
@ఓరుగల్లు_అమ్మ మీ భయం న్యాయమైనదే. కానీ రహస్యంగా చూస్తున్నారని పిల్లకి ఒక్కసారి తెలిస్తే ఆ తర్వాత స్నేహితురాలి ఫోన్ వాడుతుంది. అప్పుడు మీకు అసలేమీ కనపడదు. పిల్లకి చెప్పే చూడండి: "ఆదివారం పొద్దున్న ఇద్దరం కలిసి ఫ్రెండ్స్ లిస్టు చూద్దాం, ఎవరెవరో నువ్వే నాకు చెప్పు." పేరు చెప్పగలిగి, ఎక్కడ కలిశారో చెప్పలేని వాళ్ల దగ్గర ఆగండి.

పిల్లల్ని వలలో వేసేవాళ్ల పద్ధతి దాదాపు ఒకేలా ఉంటుంది. ఒక మెసేజ్ వరస చూడండి:

"సూపర్ ఆడావ్ తమ్ముడూ, నీ ర్యాంక్ ఎంత?"
"నీకు డైమండ్స్ గిఫ్ట్ చేస్తా, ఐడీ చెప్పు"
"ఇక్కడ చాట్ సరిగ్గా రావట్లేదు, టెలిగ్రామ్‌కి రా"
"ఇంట్లో చెప్పకు, వాళ్లు అర్థం చేసుకోరు"
"ఒక ఫోటో పెట్టు, నువ్వు నిజంగా పిల్లాడివేనా చూస్తా"

మొదటి వాక్యంలో తప్పేమీ లేదు, మామూలు ఆటగాళ్లూ అంటారు. అందుకే "తెలియని వాళ్లతో మాట్లాడకు" అని చెప్తే పిల్లలకి ఉపయోగపడదు. పది రోజులు కలిసి ఆడినవాడు వాళ్ల దృష్టిలో తెలియనివాడు కాడు. ఆడపిల్లైతే "తమ్ముడూ" బదులు "చెల్లీ", కొన్నాళ్లకి "నీ కళ్లు బాగున్నాయి". పిల్లలకి మూడు మలుపులు నేర్పండి: వేరే యాప్‌కి రమ్మన్నారా, ఇంట్లో చెప్పొద్దన్నారా, ఫోటో గాని వీడియో కాల్ గాని అడిగారా. మూడింటిలో ఏ ఒక్కటి వచ్చినా ఫోన్ తెచ్చి అమ్మకి చూపించాలి. చూపిస్తే ఫోన్ లాక్కోరని ముందే మాటివ్వండి, ఆ మాట నిలబెట్టుకోండి. పిల్లలు నోరు విప్పకపోవడానికి బెదిరించేవాడి మీద భయం ఎంత కారణమో, ఆట పోతుందన్న భయమూ అంతే కారణం.

ఓరుగల్లు_అమ్మ
ఈ మూడు మలుపుల ముచ్చట మంచిగుంది. రాసుకున్న.

కడప_కిరణ్
గేముల్లో వయసు గురించి. బీజీఎంఐ అనే తుపాకుల ఆటలో 18 లోపు పిల్లలకి రోజుకి 3 గంటల హద్దు ఉంది, తల్లిదండ్రుల ఫోన్‌కి ఓటీపీ పోతాది. పిల్లోడు 18 దాటిందని నొక్కేస్తే ఆ హద్దు తగలదు. అమ్మ ఫోన్లో ఆడేటోళ్లు ఓటీపీ కూడా వాళ్లే చదువుకుంటారు. కాబట్టి గేమ్ లోపల చూడాల్సింది రెండు: వాయిస్ చాట్ "టీమ్ మాత్రమే" గాని ఆఫ్ గాని పెట్టడం, అపరిచితుల ఫ్రెండ్ రిక్వెస్టులు మూయడం.

ఉమ_బీకాం
ఇన్‌స్టా? మా వీధిలో 11 ఏళ్ల పిల్లలకి కూడా ఉంది.

శ్రీకాకుళం_సుధ
13 నిండకపోతే ఇన్‌స్టా నియమాల ప్రకారమే ఖాతా ఉండకూడదు. తెరిచారంటే పుట్టిన సంవత్సరం 2000 అనో 1998 అనో అబద్ధం కొట్టారనే అర్థం. ఆ అబద్ధంతో వచ్చే నష్టం చాలామంది చూడరు. 2025 ఫిబ్రవరిలో మన దేశానికి టీన్ అకౌంట్లు వచ్చాయి. 18 లోపు వాళ్ల ఖాతా దానంతట అదే ప్రైవేట్ అవుతుంది, పిల్లలు ఫాలో అవని వాళ్లు వాళ్లకి మెసేజ్ పెట్టలేరు, రాత్రి 10 నుంచి పొద్దున్న 7 దాకా నోటిఫికేషన్లు ఆగుతాయి, 16 లోపు అయితే అమ్మానాన్నల అనుమతి లేకుండా ఇవి సడలించలేరు. పుట్టిన సంవత్సరం 2000 అని ఉన్న పిల్లకి ఇందులో ఒక్కటీ వర్తించదు. ఇన్‌స్టా లెక్కలో ఆమె పాతికేళ్లు దాటిన మనిషి.

13 లోపైతే తీసేయించండి. దాటితే అసలు పుట్టిన తేదీతో కొత్త ఖాతా తెరిపించి, పాతది మూయించండి.

డల్లాస్_బాబాయి
ఇక్కడ అమెరికాలో ఉన్నవాళ్లకి ఒక మాట. పిల్లల ఐప్యాడ్‌లో స్క్రీన్ టైమ్, ఆస్క్ టు బై (కొనే ముందు పెద్దవాళ్లని అడిగేది) అన్నీ పెట్టుకుంటాం. వేసవికి ఇండియా వెళ్లాక తాతయ్య ఫోన్ చేతికొస్తుంది, అందులో ఏ తాళమూ ఉండదు. టికెట్లు బుక్ చేసినప్పుడే తాతయ్యకి వీడియో కాల్ చేసి పైన రాజు గారు చెప్పిన ప్రైవేట్ డీఎన్ఎస్ పెట్టించండి. అమ్మమ్మ ఫోన్లో కూడా.

తెనాలి_టీచరమ్మ
వాట్సాప్ క్లాస్ గ్రూపు వైపు నుంచి స్కూలు ఏం మార్చుకోవాలి? 58 మంది తల్లుల నంబర్లు అందరికీ కనపడుతున్నాయి.

రౌటర్_రాజు
అది గ్రూపుగా ఉంచొద్దు. వాట్సాప్‌లో కమ్యూనిటీ తెరిచి, అనౌన్స్‌మెంట్స్‌లో హోంవర్క్ పెట్టండి. అక్కడ సభ్యులకి ఒకరి నంబరు ఇంకొకరికి కనపడదు, అడ్మిన్లే పోస్ట్ చేస్తారు. రాత్రి 11కి గుడ్‌నైట్ పూలు కూడా రావు, అది అదనపు లాభం.

తల్లుల ఫోన్లలో: సెట్టింగ్స్, ప్రైవసీ, గ్రూప్స్‌లో "మై కాంటాక్ట్స్". ప్రైవసీలోనే కాల్స్‌కి వెళ్లి "అపరిచిత కాల్స్ నిశ్శబ్దం" ఆన్. ప్రొఫైల్ ఫోటో కూడా కాంటాక్ట్స్‌కే. స్టోరేజ్ అండ్ డేటాలో మీడియా ఆటో డౌన్‌లోడ్ మొత్తం ఆఫ్, లేకపోతే ఎవరో ఏదో గ్రూపులో పంపిన వీడియో తిన్నగా గ్యాలరీలోకి దిగి పిల్లాడి కంట పడుతుంది. టూ స్టెప్ వెరిఫికేషన్ పిన్ పెట్టడం, లింక్డ్ డివైసెస్‌లో తెలియని కంప్యూటర్ ఉంటే లాగవుట్ చేయడం. చాట్ లాక్ ఉంది, పిల్లలు చూడకూడని చాట్లకి అది వేయండి.

ఉమ_బీకాం
స్కూలు ఫస్ట్ డే ఫోటోలు స్టేటస్‌లో పెట్టేవాళ్లకి కూడా చెప్పండి టీచర్ గారూ. బ్యాడ్జి మీద స్కూలు పేరు, ఐడీ కార్డు మీద ఇంటి చిరునామా, బస్సు నంబరు, అన్నీ ఒకే ఫోటోలో ఉంటాయి.

తెనాలి_టీచరమ్మ
చెప్తాను. ఒక కష్టమైన ప్రశ్న మిగిలింది. పిల్ల ఫోటో ఇప్పటికే ఎవరికో పంపేసింది, వాడు బెదిరిస్తున్నాడు అని తల్లి వస్తే మొదటి గంటలో ఏం చేయాలి?

వకీలు_వసంత
వరస జాగ్రత్తగా చదవండి, ఇక్కడ చేసే తప్పులు తర్వాత సరిదిద్దడం కష్టం.

డబ్బు పంపొద్దు. ఒక్క రూపాయి పంపినా డబ్బిచ్చే ఇల్లు దొరికిందని వాడికి తెలుస్తుంది, మళ్లీ అడుగుతాడు. ఇంకో ఫోటో అసలే వద్దు. వాడితో తిట్లు, బతిమాలడం రెండూ వద్దు. చాట్ డిలీట్ చేయొద్దు, వెంటనే బ్లాక్ చేయొద్దు. ముందు ప్రొఫైల్ లింకు, యూజర్ పేరు, ఫోన్ నంబరు, యూపీఐ ఐడీ, బెదిరింపు మెసేజ్‌లు తేదీ, టైముతో సహా స్క్రీన్‌షాట్లు తీయండి. యూజర్ పేరు వాడు నిమిషంలో మార్చేస్తాడు, అందుకే లింకు కాపీ చేసుకోవడం ముఖ్యం. అవి తీశాక రిపోర్ట్, బ్లాక్.

పిల్ల ఫోటోని మాత్రం సాక్ష్యం అనుకుని ఎవరికీ ఫార్వర్డ్ చేయొద్దు. బాబాయికి గాని, ప్రిన్సిపాల్‌కి గాని, పేరెంట్స్ గ్రూపులో గాని. ఐటీ చట్టం 67బీ కింద పిల్లల అశ్లీల చిత్రం పంపడమే నేరం, మొదటిసారికే 5 ఏళ్ల దాకా జైలు, 10 లక్షల దాకా జరిమానా. అలాంటివి దాచుకోవడం, చూడడం కూడా పోక్సో (పిల్లల మీద లైంగిక నేరాల చట్టం) కింద నేరం కావచ్చని సుప్రీంకోర్టు 2024 సెప్టెంబరు 23న స్పష్టంగా చెప్పింది. పోలీసులకి ఫోన్ చూపించండి, వాళ్ల పద్ధతిలో తీసుకుంటారు.

డబ్బు ఇప్పటికే పోయి ఉంటే వెంటనే 1930కి, అంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఖాతాలో ఆపే అవకాశం అంత ఎక్కువ. మిగతాదానికి జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్. అందులో మహిళలు, పిల్లల మీద నేరాలకి విడిగా విభాగం ఉంది, పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు ఇవ్వొచ్చు. ప్రమాదం అప్పుడే జరిగేలా ఉంటే 112. పిల్లల కోసం 1098, రాత్రీ పగలూ పనిచేస్తుంది.

తెనాలి_టీచరమ్మ
పోలీస్ స్టేషన్ అంటేనే తల్లులు వెనక్కి తగ్గుతారు, పరువు పోతుందని.

వకీలు_వసంత
వాళ్లకి ఇది చెప్పండి. పోక్సో 24వ సెక్షన్ ప్రకారం పిల్ల వాంగ్మూలం ఇంట్లోనో, పిల్లకి నచ్చిన చోటో తీసుకోవాలి. వీలైనంతవరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారి రావాలి. యూనిఫాంలో రాకూడదు. రాత్రిపూట పిల్లని ఏ కారణంతోనూ స్టేషన్‌లో ఉంచకూడదు. 23వ సెక్షన్ ప్రకారం మీడియా పిల్ల పేరు, ఫోటో, ఇల్లు, స్కూలు ఏదీ బయటపెట్టకూడదు. హైదరాబాద్ వైపు వాళ్లకి భరోసా కేంద్రాలున్నాయి, కౌన్సెలింగ్, న్యాయ సహాయం ఒకేచోట దొరుకుతాయి.

టీచర్ గారూ, మీకూ ఒక మాట. 19వ సెక్షన్ ప్రకారం ఇలాంటి నేరం తెలిసినవాళ్లు ఎవరైనా పోలీసులకి చెప్పి తీరాలి. స్కూల్లోనే సర్దేద్దాం అంటే కుదరదు. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద 6 నెలల దాకా శిక్ష పడొచ్చు.

రెండురెళ్ళు_ఆరు
ఆ ఫోటో వ్యాపించకుండా ఆపే దారి ఉందా? కేసు నడిచే లోపల ఊరంతా చూస్తే?

రౌటర్_రాజు
టేక్ ఇట్ డౌన్ అనే ఉచిత సేవ ఉంది, అమెరికాలో తప్పిపోయిన, దోపిడీకి గురైన పిల్లల కోసం పనిచేసే ఎన్‌సీఎంఈసీ నడుపుతుంది. మన దేశం నుంచీ వాడొచ్చు. ఫోటో ఎక్కడికీ అప్‌లోడ్ అవదు. మీ ఫోన్లోనే ఆ ఫోటోకి వేలిముద్ర లాంటి ఒక అంకెల గుర్తు తయారై, ఆ గుర్తు మాత్రమే వెళ్తుంది. ఇందులో చేరిన ఇన్‌స్టా, ఫేస్‌బుక్, స్నాప్‌చాట్ లాంటి చోట్ల అదే ఫోటో కనపడితే వాళ్లు తీసేస్తారు. పేరు, ఫోన్ నంబరు ఇవ్వక్కర్లేదు. వాట్సాప్ లాంటి ఎన్‌క్రిప్టెడ్ చాట్లలో పనిచేయదు. గుర్తు తయారవ్వాలంటే ఫోటో ఫోన్లో ఉండాలి, కాబట్టి అది చేసేదాకా భయంతో డిలీట్ చేయొద్దు.

కౌన్సెలర్_పద్మ
ఆ మొదటి గంటలో తల్లి నోటి నుంచి రావలసిన మాట: "నాకు చెప్పావు, మంచి పని చేశావు. తప్పు వాడిది." ఆ రాత్రి పిల్లని ఒంటరిగా పడుకోనివ్వొద్దు. "ఎందుకు పంపావు" అన్న ప్రశ్న ఆ రోజు వద్దు.

తోటి పిల్లల ఫోటోలకి ఏఐ యాప్‌లతో బట్టలు లేనట్టు చేసి గ్రూపుల్లో పెట్టడం కూడా నేరమేనని 7వ తరగతి మగపిల్లలకి విడిగా చెప్పండి. సరదా అనుకుని చేస్తున్నారు.

వకీలు_వసంత
ఇంకొకటి. 2025 ఆగస్టులో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టంతో డబ్బు పెట్టి ఆడే ఆటలు దేశమంతా నిషేధం. రంగు చెప్తే రెట్టింపు అనే టెలిగ్రామ్ లింకు పిల్లాడి ఫోన్లో కనపడిందంటే అది కచ్చితంగా దొంగ యాపే. గెలిచినట్టు చూపించే డబ్బు బయటికి రాదు.

తెనాలి_టీచరమ్మ
శనివారానికి వరస ఇలా అనుకుంటున్నాను: 6 అంకెల పిన్, వేళ్ల లిస్టు, ప్లే స్టోర్ పాస్‌వర్డ్, యూపీఐ లైట్, ప్రైవేట్ డీఎన్ఎస్. తర్వాత పద్మ గారి మూడు మలుపులు, 1930, 1098 నంబర్లు. ఆండ్రాయిడ్ 8 ఫోన్లు ఇంకా నలుగురైదుగురి దగ్గర ఉన్నాయి. వాటిలో ప్రైవేట్ డీఎన్ఎస్ రాదు కదా?

రౌటర్_రాజు
రాదు. వైఫై ఉన్న ఇల్లయితే ఆ వైఫై పేరు నొక్కి పట్టి, మాడిఫై, ఐపీ సెట్టింగ్స్ స్టాటిక్ చేసి డీఎన్ఎస్ 1.1.1.3 ఇవ్వొచ్చు. మొబైల్ డేటా మీద మాత్రం కుదరదు, ఆ ఇళ్లకి పిన్నింగే దిక్కు.

బాషా_మొబైల్స్
వరసలో ఒక మార్పు చేయండి. డీఎన్ఎస్ చివర్లో పెట్టండి. అందరూ ఒకేసారి అక్షరాలు తప్పు కొట్టి నెట్ పోయిందంటే మిగతా అరగంట దానికే అయిపోతుంది. హోస్ట్‌నేమ్ బోర్డు మీద పెద్ద అక్షరాల్లో ఇంగ్లిష్‌లో రాసి ఉంచండి. నేను చీరాల నుంచి వస్తాను శనివారం 10కి, శాంసంగ్, రెడ్‌మీ, వివో ఒక్కొక్కటి తెస్తాను, మెనూలు ఏ ఫోన్లో ఎక్కడుంటాయో చూపించడానికి. ఛార్జర్లు తెచ్చుకోమని తల్లులకి ముందే చెప్పండి.

తెనాలి_టీచరమ్మ
10కి కాదు, 9:30కి రండి. ప్రొజెక్టర్ వైరు మీ ఫోన్లకి సరిపోతుందో లేదో ముందే చూసుకుందాం.